ఫోన్ చేసేదెవరు, ఎత్తుకపోయేదెవరిని?

నేరేడ్‌మెట్ చౌరస్తాలో రాత్రి పదకొండు దాటినంక షట్టర్లు దించిన దుకాణాల మెట్ల మీద పండుకునే మనుషుల్ని చూడనివాళ్లు ఈ ప్రాంతంలో ఉండరు. చూసి కూడా వాళ్లెవరో అడగనివాళ్లే ఎక్కువ. పొద్దున ఆరు గంటలకు అందులో సగం మంది పార, తట్ట పట్టుకొని అడ్డా మీద నిలబడతారు. రాత్రి చూసినోడికి అతను బిచ్చగాడు, పొద్దున చూసినోడికి కూలీ. మనిషి మాత్రం ఒక్కడే.

మా నాయన పాలమూరు నుంచి కూలికొచ్చి, ఇంకా తలుపులు పెట్టని బిల్డింగుల్లోనే ఏండ్లు గడిపిండు. నాకు యూనివర్సిటీ హాస్టల్లో గది దొరికిన రోజు ఆయన అడిగిన మొదటి మాట: "తాళంచెవి నీ దగ్గర్నే ఉంటదా బిడ్డా?" కనుక ఈ విషయం మీద నాకు పరిశోధకుడి తటస్థత ఉందని చెప్పుకోను.

ఇప్పుడు నగరాల్లో నిరాశ్రయుల సేవకు సెల్‌ఫోన్‌ను వాడాలన్న మాట తరచుగా వినబడుతోంది. రోడ్డు పక్కన ఎవరైనా పడివుంటే ఫోటో తీసి పంపండి, నంబర్‌కు కాల్ చేయండి, మా బృందం వస్తుంది అంటున్నారు. ఇది తప్పని నేను అనడం లేదు. అయితే ఇందులో ఫోన్ ఎవరి చేతిలో ఉంది, ఆ ఫోన్ మోగితే వచ్చే బండి ఎవరిది అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా ఈ పద్ధతి మంచిచెడ్డలు తేల్చలేం.

ముందుగా లెక్క. 2011 జనగణన ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కబెట్టింది. దేశం మొత్తంలో 17 లక్షల 70 వేల పైచిలుకు. అందులో 9 లక్షల 38 వేల మంది పట్టణాల వాళ్లు. ఒక్క రాత్రిలో దొరికినవాళ్లు వీళ్లు. దొరకనివాళ్ల సంగతి రోడ్డు మీద తిరిగినవాళ్లకు తెలుసు. ఇండో గ్లోబల్ సోషల్ సర్వీస్ సొసైటీ ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లోని 15 నగరాల్లో జరిపి 2019లో వెలువరించిన అధ్యయనంలో, రోడ్డు మీద ఉంటున్నవాళ్లలో మూడో వంతుకు పైగా ఎస్సీలని తేలింది. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. అంటే ఊళ్లో ఏ వాడకు భూమి లేదో, నగరంలో ఆ వాడ మనుషులకే కప్పు లేదు. "అనాథ", "అభాగ్యుడు" అనే మాటలు ఈ సంగతిని కప్పిపెడతాయి. వాళ్లు అనాథలు కారు, చాలామందికి ఊళ్లో పెండ్లాం పిల్లలున్నారు.

కిరాయికి గది తీసుకోవచ్చు కదా అంటారు. కిరాయి కట్టే పైసలున్నా కులం చెప్పాక గది ఇయ్యని నగరమిది. విదేశాల్లో చదివి బరోడా సంస్థానంలో కొలువుకు పోయిన అంబేడ్కర్‌ను, 1917లో, పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. ఆయన సామాను సర్దుకొని, ఇంకెక్కడా చోటు దొరకక, పార్కులో చెట్టు కింద గంటల తరబడి కూర్చొని బొంబాయి రైలెక్కారు. పెద్ద జీతగాడికే అట్లయితే, తట్ట మోసేవాడి మాట చెప్పేదేముంది?

చట్టపరంగా చూస్తే నీడ దానం కాదు, హక్కు. 2001లో పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులోనే 2010లో సుప్రీంకోర్టు చలికి చనిపోతున్న నిరాశ్రయుల గురించి ఉత్తర్వులిచ్చింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక ఆశ్రయ కేంద్రం ఉండాలన్నది దాని సారం. 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అదే కొలత పెట్టుకొని, ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, పగలూ రాత్రీ తెరిచి ఉంచడం అని రాసింది. 2011లో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఆ లెక్కన 67 కేంద్రాలకు తక్కువ కాకుండా ఉండాలి. నగరం ఆ సంఖ్య దరిదాపుల్లోకి రాలేదు. అమన్ వేదిక వంటి సంస్థలు నడిపిన కేంద్రాలు కొన్ని ఉన్నా, నేరేడ్‌మెట్ లాంటి శివారు చౌరస్తాలో పండుకున్న మనిషికి అవి ఎక్కడున్నాయో కూడా తెలియదు.

ఈ తెలియకపోవడం దగ్గరే ఫోన్ పనికొస్తుంది. మన నగరానికి ఇందులో అనుభవం ఉంది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ముసలివాళ్ల కోసం ఎల్డర్‌లైన్ కూడా ఇక్కడే పుట్టింది. 2017లో టాటా ట్రస్టులు, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ తెలంగాణ ప్రభుత్వంతో కలిసి దీన్ని హైదరాబాద్‌లో మొదలుపెట్టాయి. 2021 అక్టోబర్ 1న 14567 నంబర్‌తో దేశమంతటికీ విస్తరించారు. పింఛన్ సలహా నుంచి రోడ్డు మీద విడిచిపెట్టిన ముసలివాళ్లను ఆశ్రమానికి చేర్చడం దాకా దాని పనే. పైసా ఖర్చు లేని కాల్. అయితే అది పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేసేట్టుగా పెట్టిన లైను. ఇల్లు లేని మనిషి కంటబడేది రాత్రి 8 తర్వాతే కదా!

ఇంగ్లండులో 2012 నుంచి స్ట్రీట్‌లింక్ అనే ఏర్పాటు ఉంది. ఎవరైనా రోడ్డు మీద పండుకున్నవాళ్ల చోటు తెలియజేస్తే ఆ ప్రాంతపు కార్యకర్తలు వెతుక్కుంటూ పోతారు. ఢిల్లీ ప్రభుత్వ ఆశ్రయ బోర్డు 'రైన్ బసేరా' పేరుతో ఇటువంటిదే ఒక యాప్ తెచ్చింది. వీటన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. చెప్పేవాడు దారిన పోయేవాడు. పండుకున్నవాడు మ్యాపు మీద ఒక చుక్క. అతన్ని లేపి "నీకేం కావాలె" అని అడిగిన తర్వాత కాల్ చేసేవాళ్లు ఎంతమంది?

ఆ చుక్క ఎంత ప్రమాదమో హైదరాబాద్‌కు తెలుసు. 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్న సందర్భంలో నగర పోలీసులు రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలు నిషేధించారు. పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో ఆనందాశ్రమం పేరిట నడిపిన కేంద్రాలకు తరలించారు. బిచ్చగాడి ఆచూకీ చెప్పినవాళ్లకు 500 రూపాయల బహుమానమని జైళ్ల శాఖ ప్రకటించింది. గమనించండి, ఇదీ ఫోన్ పద్ధతే. పౌరుడు సమాచారమిస్తాడు, బండి వస్తుంది, మనిషి మాయమవుతాడు. నేరేడ్‌మెట్‌కు చర్లపల్లి ఎంతో దూరం లేదు. ఆ బండ్లను చూసినవాళ్లు, "అన్నా, మేం సేవ చేస్తం రా" అని వచ్చే ఇంకో బండిని నమ్ముతారా? 1977 నాటి భిక్షాటన నిషేధ చట్టం ఆలోచన పోలీసు స్టేషన్లో ఉన్నంత బలంగా 2010 నాటి ఉత్తర్వు ఆలోచన లేదు.

ఇక ఫోన్‌ను రెండో వైపు నుంచి, అంటే రోడ్డు మీది మనిషి చేతిలోని ఫోన్ వైపు నుంచి చూద్దాం. అడ్డా మీద చాలామంది దగ్గర చిన్న బటన్ల ఫోన్ ఉంటుంది. అది విలాసం కాదు, మేస్త్రీ పిలుపు దాంట్లోనే వస్తుంది. ఫోన్ చచ్చిపోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఛార్జింగ్ పెట్టుకోవాలంటే ఛాయ్ హోటల్లో బతిమాలాలి, లేదా పైసలియ్యాలి. రాత్రి నెత్తి కింద పెట్టుకొని పండుకుంటే తెల్లారేసరికి ఉండదు. వరుసగా 90 రోజులు వాడకపోతే, బ్యాలెన్స్ కూడా లేకపోతే, నంబర్ రద్దయ్యి ఇంకొకరికి పోతుంది. ఆ నంబరే ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు కట్టేసి ఉంటుంది. ఓటీపీ ఎవరికో పోతుంది. కొత్త సిమ్‌కు కాగితం కావాలి, కాగితానికి చిరునామా కావాలి.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఈ గుండంలోనే తిరుగుతున్నాడు. ఫోన్ పోయింది, దానితోబాటు ఆధార్ కార్డున్న సంచి పోయింది. కొత్త కార్డు కోసం ఒక సెంటర్‌కు పోతే, "పాత నంబర్‌కు ఓటీపీ వస్తది, చెప్పు" అన్నారట. "ఆ నంబరే పోయిందని వచ్చిన సారూ అంటె, మరి నంబర్ లేకుంట ఎందుకొచ్చినవ్ అన్నరు" అని చెప్పి తనే నవ్విండు. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ తెలుసుకోవాల్సిందేమంటే, గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం నిర్వాహకుడు ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆధార్‌కు చిరునామా రుజువుగా తీసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అంటే ఆశ్రయ కేంద్రం చాప, దుప్పటి ఇచ్చే చోటు మాత్రమే కాదు, మనిషికి చిరునామా ఇచ్చే చోటు. దీన్ని అడ్డా మీద చెప్పేవాళ్లే లేరు.

నన్నడిగితే యాప్ కంటే ముందు తాళం వేసుకునే ఛార్జింగ్ పెట్టె కావాలి. తర్వాత, సంస్థలు తమ నంబర్ మనకు పంచినట్టే అడ్డా మీదా పంచాలి. మిస్డ్ కాల్ ఇస్తే తెలంగాణ మాటలో తిరిగి పలకరించే గొంతు ఉండాలి. 'ప్రెస్ వన్, ప్రెస్ టూ' కాదు. అన్నిటికంటే ముఖ్యం, అదే మనిషి అదే రాత్రి, ప్రతి వారం, అదే మెట్ల దగ్గరికి నడిచి రావాలి. 1992లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జిమ్ విథర్స్ అనే డాక్టర్ చినిగిన బట్టలు వేసుకొని, ఒకప్పుడు రోడ్డు మీద బతికిన మనిషినే తోడు తీసుకొని రాత్రుళ్లు వైద్యానికి తిరిగాడు. తోడు వచ్చిన మనిషి వల్లనే అక్కడివాళ్లు డాక్టర్‌ను రానిచ్చారు. మన దగ్గర సేవకు వచ్చేవాళ్లలో రోడ్డు మీద బతికి వచ్చినవాళ్లు ఎంతమంది? జీతం ఇచ్చి పెట్టుకున్నది ఎంతమందిని? కాగా దుప్పట్లు పంచుతూ ఫోటోలు దిగేవాళ్ల ఫోన్లలో మాత్రం వీళ్ల మొఖాలు అడగకుండానే చేరుతున్నాయి. అంటరానితనం ఒకప్పుడు మనిషిని ముట్టుకోనిచ్చేది కాదు. ఇప్పుడు ఫోటోను ముట్టుకుంటున్నారు, మనిషిని కాదు.

2027 మార్చి 1 నాటి స్థితిని లెక్కించే జనగణన ఫోన్లలోనే నింపే మొదటి జనగణన. అందులో ప్రతి ఒక్కరి కులమూ అడుగుతారు. ఇల్లు లేనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఎట్లా కలుస్తాయన్నది మన పరిశోధకులు ఇప్పట్నుంచే పట్టించుకోవాలి. ఏ మెట్ల మీద ఎంతమంది ఉంటారో, వాళ్లలో ఎవరు ఆ నెలలో ఊరికి పోతారో చెప్పగలిగింది అడ్డా మనుషులే. ఆ పెద్దాయనను అడిగాను, లెక్క రాసుకునేవాళ్లకు ఏం చెప్పమంటావని. కాసేపు ఆలోచించి ఇట్లన్నాడు:

"జీపుల రావొద్దని చెప్పు సారూ. జీపు సప్పుడింటె అందరు లేసి ఉరుకుతరు. నడుసుకుంట రమ్మను."