కవరులో వార్డు ఓటు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి విశేషాలు

కౌన్సిలర్ ఎన్నిక అంటే వీధి కుళాయి, మురుగు కాలువ, స్తంభం మీది దీపం. మన గడపకు ఇంతకంటే దగ్గరి ఎన్నిక లేదు. ఆ రోజు గడప దాటలేని వారికి, ఊళ్లో లేని వారికి దారేది? పోస్టల్ బ్యాలెట్ చుట్టూ తెలుసుకోదగ్గ సంగతులు ఇవి.

● ఏడాది ఆగిన ఓటు. హిందూపురం (38 వార్డులు), ధర్మవరం (40 వార్డులు) మున్సిపాలిటీల ఎన్నికలు 2020 మార్చిలో మొదలై, కరోనా వల్ల ఆగిపోయాయి. పోలింగ్ 2021 మార్చి 10న జరిగింది. పెనుకొండ నగర పంచాయతీలోని 20 వార్డులకు అదే ఏడాది నవంబర్ 15న జరిగింది. అప్పుడు ఈ మూడు ఊళ్లూ అనంతపురం జిల్లావి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లావి.

● ఓటు వేయించేవారి ఓటు. మున్సిపల్ ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ ముఖ్యంగా ఎన్నికల సిబ్బంది కోసం. తన వార్డులో పోలింగ్ జరుగుతున్న గంటల్లో ఎన్నికల విధికి వెళ్లిన టీచరమ్మ వేరే కేంద్రంలో ఇతరుల చేత ఓటు వేయిస్తూ ఉంటుంది. ఆమె హక్కును కాపాడేది ఆ ఒక్క కవరే.

● కవరు ఓటూ, కేంద్రంలో ఓటూ రెండూ కాగితాలే. 2021లో మన వార్డుల్లో ఈవీఎంలు లేవు. బ్యాలెట్ కాగితం మీద స్వస్తిక్ ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేశారు.

● కవరులో కవరు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో పోస్టల్ ఓటు రెండు కవర్లలో వెళుతుంది. ఓటు కాగితం 13బి అనే లోపలి కవరులో ఉంటుంది. దాన్నీ, 13ఎ అనే ధ్రువీకరణ పత్రాన్నీ 13సి అనే పెద్ద కవరులో పెడతారు. ధ్రువీకరణ సరిగా లేకపోతే లోపలి కవరు తెరవనే తెరవరు. బ్యాలెట్ మీద సంతకం చేసినా ఓటు చెల్లదు, ఎందుకంటే ఓటరు ఎవరో తెలిసిపోతుంది.

● సుప్రీంకోర్టు దాకా 13ఎ. 2024లో ఈ పత్రం మీద అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా అన్న వివాదం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లింది. జూన్ 4 లెక్కింపుకు ఒక్కరోజు ముందు తెరపడింది. సంతకం ఉంటే ఓటు చెల్లుతుందన్న ఎన్నికల సంఘం మాటే నిలిచింది.

● పేరు తపాలా, వేసేది ఎదురుగానే. 2023లో నియమం మారింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల సిబ్బంది ఇప్పుడు కవరును ఇంటికి తీసుకెళ్లరు. ఫెసిలిటేషన్ సెంటర్‌కు వచ్చి అక్కడే ఓటేస్తారు.

● గడపకు వచ్చిన ఓటు. 2024 ఎన్నికల్లో 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారికీ సిబ్బందే ఇంటికి వచ్చి ఓటు వేయించారు. దీనికి నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఫారం 12డి ఇవ్వాలి.

● నగర ఎన్నికలో హైదరాబాద్ దారి. 2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో తెలంగాణ ఎన్నికల సంఘం 80 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు, కరోనా సోకినవారికి పోస్టల్ బ్యాలెట్‌కు అవకాశమిచ్చింది. కార్పొరేటర్ ఎన్నికలో కూడా ఇది వీలవుతుందని తెలుగు నేల మీదే రుజువైంది.

● చైర్మన్‌కు చేయెత్తాల్సిందే. కౌన్సిలర్లు చైర్మన్‌ను ఎన్నుకునేటప్పుడు కవర్లు ఉండవు. సమావేశానికి వచ్చి చేయెత్తాలి. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీలకు కూడా ఓటుంటుంది. 2025 ఫిబ్రవరి 3న హిందూపురంలో చైర్మన్ ఎన్నికకు ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ స్వయంగా హాజరయ్యారు.

● లండన్‌లో ఉంది, ఇక్కడ లేదు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేయవచ్చు, అదీ పోస్టులో. అదే అక్కడ ఉంటున్న హిందూపురం అమ్మాయి ఎవరైనా మన అసెంబ్లీకి ఓటేయాలంటే, ఫారం 6ఎతో పేరు నమోదైనా, విమానమెక్కి పోలింగ్ కేంద్రానికి రావాలి.

● స్టాంపు అక్కర్లేని కవరు. తెలుగువారు చాలామంది ఉండే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సిటీ కౌన్సిల్ ఓటు కాగితం ప్రతి ఓటరు ఇంటికీ పోస్టులో వస్తుంది. 2018 నుంచి తిరుగు కవరుకు స్టాంపు కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2024 కౌన్సిల్ ఎన్నికలన్నీ పోస్టులోనే సాగాయి.

● ఫోనులో తొలి అడుగు. 2021 అక్టోబర్‌లో ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ఓటును నమూనాగా పరీక్షించారు. 2025 జూన్ 28న బిహార్ మున్సిపల్ ఎన్నికల్లో ఫోను నుంచి నిజమైన ఓట్లే పడ్డాయి.

● ఇక మన వంతు. మీకు ఎన్నికల విధుల ఉత్తర్వు అందితే ఆ రోజే పోస్టల్ బ్యాలెట్‌కు దరఖాస్తు చేయండి. గడువు దాటితే ఓటు పోయినట్టే. ధర్మవరంలో దశాబ్దాల తరబడి మగ్గం గుంతలో కూర్చుని పట్టుచీర నేసిన పెద్దాయనకు ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. ఎంపీని ఎన్నుకునేటప్పుడు ఆయన గడపకు సిబ్బంది వస్తున్నారు. ఆయన వీధిలో కాలువ బాగుచేయించే కౌన్సిలర్‌ను ఎన్నుకునేటప్పుడూ రావాలి.