చోటు కాని చోట వచ్చే గడ్డ

ఒంటిమీద గడ్డ కనిపిస్తే మనం మొదట చూసేది నొప్పి ఉందా లేదా అనే. నొప్పి లేకపోతే "కొవ్వు గడ్డేలే" అని వదిలేస్తాం. మార్కాపురం పలకల పనిలో, పొలాల్లో బరువులు మోసేవారైతే "దెబ్బ తగిలి వాచింది" అనుకుంటారు. గడ్డల్లో ఎక్కువ భాగం ప్రమాదం లేనివే. కానీ కొన్నింటిని చూపుతో, చేతితో తేల్చలేం.

సార్కోమా అంటే ఏమిటి?

కండరం, కొవ్వు, నరం వంటి మెత్తటి భాగాల్లో పుట్టే క్యాన్సరును సార్కోమా అంటారు. పెద్దవారి క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి మాత్రమే. వీటిలో సైనోవియల్ సార్కోమా ఒక రకం. ఎక్కువగా 15 నుండి 40 ఏళ్ల మధ్యవారికి, మోకాలి దగ్గర వస్తుంది. అరుదుగా మెడలో, పొట్ట గోడలో, ఊపిరితిత్తుల్లో కూడా వస్తుంది.

సైనోవియం అంటే కీలు లోపలి పొర. సూక్ష్మదర్శినిలో అలా కనిపించిందని పూర్వపు వైద్యులు ఈ పేరు పెట్టారు. నిజానికి ఇది ఆ పొరలో పుట్టేది కాదు. అందుకే కీళ్లకు దూరంగానూ వస్తుంది. మెడలో గడ్డ అంటే ఎవరికైనా ముందు క్షయ, థైరాయిడ్ గుర్తుకొస్తాయి. పైగా ఇది కొందరిలో ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. కాబట్టి ఆలస్యం జరుగుతుంది.

ఎలా నిర్ధారిస్తారు?

1. స్కానింగు: అల్ట్రాసౌండ్, తరువాత ఎమ్మారై. గడ్డ ఎంత లోతుగా ఉంది, ఏ నరానికి, ఏ రక్తనాళానికి దగ్గరగా ఉందో తెలుస్తుంది.

2. ముక్క పరీక్ష: మత్తుమందు ఇచ్చి, కాస్త లావు సూదితో సన్నని ముక్కలు తీస్తారు. సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనుతో మాట్లాడి నిర్ణయించాలి. "సూది గుచ్చితే క్యాన్సరు పాకుతుంది" అని భయపడి ఈ పరీక్ష మానవద్దు.

3. ల్యాబు పరీక్షలు: ముక్కకు ప్రత్యేక రంగులు వేసి చూస్తారు. ఈ కణితిలో ఎక్స్, 18వ క్రోమోజోముల ముక్కలు తెగి, ఒకదానితో ఒకటి తారుమారుగా అతుక్కుంటాయి. జన్యు పరీక్షలో అది కనిపిస్తే గడ్డ ఎక్కడున్నా పేరు ఖాయమవుతుంది.

4. ఛాతీ సీటీ స్కాన్: సార్కోమా పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతుంది కనుక.

ముందే కోయించుకోవద్దు

ముఖ్యమైన మాట ఇదే. లోతైన గడ్డను పరీక్షలు లేకుండా కొవ్వు గడ్డ అనుకొని తీసేస్తే, చుట్టూ క్యాన్సరు కణాలు మిగిలిపోవచ్చు. అప్పుడు మరింత పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. పసరు కట్లు, వాతలు, మర్దనలు కూడా వద్దు. ఇప్పటికే తీయించుకొని ఉంటే, ఆ గడ్డను ల్యాబుకు పంపారో లేదో అడగండి. గుంటూరు, హైదరాబాదు వెళ్లేటప్పుడు రిపోర్టుతోపాటు గాజు స్లైడులు, మైనపు బ్లాకులు తీసుకువెళ్లండి. అవి ఉంటే చాలాసార్లు మళ్లీ ముక్క తీయనవసరం ఉండదు.

ఎప్పుడు చూపించుకోవాలి?

- గడ్డ 5 సెంటీమీటర్లకు, అంటే పెద్ద నిమ్మకాయకు మించితే
- పెరుగుతూ ఉంటే
- లోతుగా, కదలకుండా ఉంటే
- తీసేశాక మళ్లీ వస్తే
- కొత్తగా నొప్పి మొదలైతే

వీటిలో ఒక్కటి ఉన్నా, నొప్పి లేకపోయినా, ఆలస్యం చేయకండి. ఇది అంటువ్యాధి కాదు; ఎవరి తప్పువల్లా రాదు. ఇంట్లో ఎవరైనా గడ్డను దాచుకుంటుంటే ధైర్యం చెప్పి వెంటబెట్టుకు రండి. చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే పూర్తిగా తీసివేసే అవకాశం ఎక్కువ.