తొండుపల్లిలో ఒక దారం, ఒక తాళంచెవి

మా మేనల్లుడిది ఎనిమిదో తరగతి. వానాకాలంలో ఒక సాయంత్రం వాడూ నేనూ తొండుపల్లి దగ్గర బెంగళూరు హైవే పక్కన బస్సు కోసం చూస్తున్నాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో లేచిన విమానం ఒకటి, పొట్ట స్పష్టంగా కనిపించేంత కిందుగా, హైవే దాటి పడమటికి పోయింది. దాని మోత తగ్గేదాకా ఆగి, "గంత బరువున్నది పైకెట్ల లేస్తది మామా? ఇంజిన్లే ఎత్తుతయా?" అన్నాడు వాడు.

ఇంజిన్లే ఎత్తుతాయని పెద్దవాళ్లలోనూ చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే సంగతి తేలిపోతుంది. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం నిండుగా ఉంటే సుమారు 78 టన్నులు. హైదరాబాద్ ప్రాంతంలో గురుత్వ త్వరణం సెకనుకు సెకనుకు 9.78 మీటర్లు. పుస్తకంలోని 9.8 కన్నా ఇది పిసరంత తక్కువ, ఎందుకంటే మనం ధ్రువాలకు దూరంగా, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం. రెండూ గుణిస్తే, భూమి ఆ విమానాన్ని 7.6 లక్షల న్యూటన్ల బలంతో కిందికి లాగుతోందన్నమాట. మరి రెండు ఇంజిన్లూ కలిసి పూర్తి శక్తితో నెట్టినా వచ్చేది సుమారు 2.4 లక్షల న్యూటన్లు. బరువులో మూడో వంతు కూడా కాదు!

2016 మే నెలలో ఇదే ఎయిర్‌పోర్టులో ఆంటొనోవ్ ఏఎన్-225 మ్రియా దిగింది. అప్పటికి ప్రపంచంలోకెల్లా బరువైన విమానం అది. మన దేశంలో అది దిగడం అదే మొదటిసారి. గరిష్ఠ బరువు 640 టన్నులు, ఇంజిన్లు ఆరు, చక్రాలు 32. ఆ ఆరు ఇంజిన్ల బలమంతా కూడినా దాని గరిష్ఠ బరువులో నాలుగో వంతుకు చాలదు. అయినా అది ఎగిరింది. ఇంజిన్ పని విమానాన్ని ముందుకు నెట్టడం. ఎత్తేది రెక్క.

రెక్క ఎలా ఎత్తుతుంది? రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కనుక పైనుంచి పోయే గాలికి దారి ఎక్కువ, కింది గాలిని అందుకోవడానికి అది పరుగెడుతుంది అని కొన్ని పుస్తకాల్లో ఇప్పటికీ రాస్తున్నారు. అది తప్పు. పై గాలి వేగంగా పోయే మాట నిజమే గానీ, కింది గాలిని సమయానికి కలుసుకోవాలన్న నియమమేదీ దానికి లేదు. రెక్క ముందు అంచు కాస్త పైకెత్తి, తన మీదుగా, తన కిందుగా పోయే గాలిని కిందికి మళ్లిస్తుంది. రెక్క గాలిని కిందికి తోస్తే గాలి రెక్కను పైకి తోస్తుంది. ఇది న్యూటన్ మూడో నియమం. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టమని చెప్పను, అది ప్రమాదం. వేగంగా తిరిగే టేబుల్ ఫ్యాన్ ముందు అట్టముక్కను కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే ఆ తోపు చేతికి తెలుస్తుంది.

ఈలోగా పుష్పక్ బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాక మావాడి జేబులోని ఇంటి తాళంచెవికి జానెడు దారం కట్టించి, సీట్ల మధ్య వేలాడదీయమన్నాను. బస్సు కదిలింది. తాళంచెవి వెనక్కి జరిగి, కాసేపు అలాగే ఏటవాలుగా నిలిచింది. బస్సు ఒక వేగం అందుకున్నాక మెల్లగా నిటారుకు వచ్చేసింది. ముందు లారీ అడ్డొచ్చి డ్రైవర్ బ్రేకు వేయగానే ముందుకు వాలింది. వాడు రెండు స్టాపులు దాటేదాకా దాని మీదినుంచి కళ్లు తిప్పలేదు.

వాడు చూసిందే అసలు పాఠం. బస్సు ఎంత వేగంగా పోతోందో ఆ దారానికి తెలియదు. వేగం మారితేనే తెలుస్తుంది. కదిలే వస్తువు కదులుతూ ఉండటానికి బలం కావాలని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం. ఎడ్లు లాగడం మానేస్తే బండి ఆగుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. బండిని ఆపేది ఘర్షణ. ఘర్షణ, గాలి ఆటంకం లేకపోతే ఒకసారి కదిలింది అలా పోతూనే ఉంటుంది. బలం కావాల్సింది వేగాన్ని పెంచడానికి, తగ్గించడానికి, దిక్కు తిప్పడానికి. కనుక బలాన్ని వెతికేవాళ్లు వేగం వైపు చూడకూడదు, వేగంలో వచ్చే మార్పు వైపు చూడాలి.

ఇప్పుడు అదే దారాన్ని విమానంలోకి తీసుకెళ్దాం. ఏ320 రన్‌వే మీద సెకనుకు సెకనుకు సుమారు 2 మీటర్ల త్వరణంతో పరుగెడుతుంది. నేల విడవడానికి గంటకు 270 కిలోమీటర్లు, అంటే సెకనుకు 75 మీటర్లు కావాలనుకుంటే, 37 సెకన్లు, 1,400 మీటర్లు పడుతుంది. అంతసేపూ దారం 11, 12 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. వీపును సీటు నొక్కినట్టనిపించేదీ ఆ త్వరణం వల్లే. ఆ తర్వాత ఆకాశంలో గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు? దారం నిటారు. ఇంజిన్ నెట్టే బలం, గాలి అడ్డుకునే బలం సరిసమానం. రెక్క పైకెత్తే బలం, విమానం బరువు సరిసమానం. గురుత్వాకర్షణను విమానం జయించిందని రాస్తుంటారు. నాకా మాట నచ్చదు. భూమి లాగుడు అక్కడా దాదాపు అంతే ఉంది, గాలి విమానాన్ని మోస్తోంది.

1,400 మీటర్లు చాలితే శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఎందుకు? పరుగు మధ్యలో ఆపాల్సివస్తే ఆగడానికి చోటుండాలి, బరువైన విమానాలకు ఇంకా ఎక్కువ వేగం కావాలి. మన ఎండలు మరో కారణం. ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడే గాలి కొంత పలచన. దానికి తోడు మే నెలలో 42 డిగ్రీల ఎండ కాస్తే గాలి ఇంకా పలచనై, 15 డిగ్రీలున్న సముద్రతీరంతో పోలిస్తే సాంద్రత దాదాపు 15 శాతం తగ్గుతుంది. పలచని గాలిలో అంతే బరువు ఎత్తాలంటే ఎక్కువ వేగం కావాలి, ఇంజిన్‌కేమో బలం తగ్గుతుంది. ఎదురుగాలి మాత్రం మేలు చేస్తుంది. రెక్కకు కావాల్సింది నేల మీది వేగం కాదు, గాలితో పోల్చిన వేగం. పడమటి గాలి సెకనుకు 5 మీటర్లుంటే నేల మీద 70 మీటర్ల వేగం చాలు, పరుగు 1,400 నుంచి 1,225 మీటర్లకు దిగుతుంది. వానాకాలంలో విమానాలు పడమటి దిక్కుకు లేచి మన హైవే మీదుగా పోయేది అందుకే.

తొండుపల్లిలో ఔటర్ రింగ్ రోడ్డు దిగే ర్యాంపుల దగ్గర, వేగంలో మార్పుకు బలం కావాలన్న లెక్కకు ప్రాణం విలువ వస్తుంది. మలుపులో వేగం మారకపోయినా దిక్కు మారుతుంది కనుక అక్కడా బలం కావాలి. త్వరణం ఎంతో తెలియాలంటే వేగాన్ని వేగంతో గుణించి వ్యాసార్థంతో భాగించాలి. వ్యాసార్థం 50 మీటర్లున్న ర్యాంపును ఊహించుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే సెకనుకు సెకనుకు 2.5 మీటర్లు వస్తుంది. టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు దాన్ని తేలిగ్గా ఇస్తుంది. అదే 80తో తిరిగితే రెట్టింపు కాదు, నాలుగింతలు, సుమారు 9.9. అంత పట్టు మామూలు టైరుకు పొడి రోడ్డు మీద కూడా ఉండదు. బండి మలుపు తిరగదు, తిన్నగా పోయి రెయిలింగును గుద్దుకుంటుంది. రోడ్డును లోపలికి వాల్చి కట్టడం ఈ పట్టుకు సాయం. విమానం మలుపులో పక్కకు ఒరిగేదీ ఇందుకే. సరిగ్గా ఒరిగిన విమానంలో దారం క్యాబిన్ నేలకు నిటారుగానే ఉంటుంది, కళ్లు మూసుకుంటే మలుపు తిరుగుతున్నట్టే తెలియదు.

ఔటర్ మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంతో పోయే కారు హఠాత్తుగా ఆగిపోతే, బెల్టు పెట్టుకోని మనిషి 57 మీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారు 19 అంతస్తుల మేడ మీదినుంచి పడిన వేగంతో ముందుకు పోయి గుద్దుకుంటాడు. వెనక సీటులో కూర్చున్న పిల్లలకూ ఇదే లెక్క.

"మరి ఆకాశంల తేలేటోళ్లకు భూమి లాగుడు ఉండదా?" అని బస్సు దిగేటప్పుడు అడిగాడు మావాడు. 2021 జులై 11న మన తెలుగమ్మాయి బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. అక్కడ గురుత్వాకర్షణ నేల మీద ఉన్నదాంట్లో 97 శాతం ఉంటుంది. అయినా ఆమె తేలింది. ఇంజిన్ ఆగాక నౌకా, ఆమే ఒకే తీరున స్వేచ్ఛగా పడుతున్నాయి కాబట్టి. ఆమె చేతిలో మన తాళంచెవి ఉండి ఉంటే దారం వదులుగా గాల్లో తేలేది.

దారం, తాళంచెవి, ఒక కోణమానిని జేబులో పెట్టుకోండి. ఈసారి బస్సులోనో, నాన్నగారి కారు వెనక సీటులోనో ర్యాంపు మలుపు తిరుగుతున్నప్పుడు దారం ఎన్ని డిగ్రీలు పక్కకు వాలిందో కొలవండి, స్పీడోమీటరు ఎంత చూపిస్తోందో పక్కవాళ్లను చూసి చెప్పమనండి. గంటకు 30 కిలోమీటర్ల వేగానికి 8 డిగ్రీలు వచ్చిందంటే ఆ మలుపు వ్యాసార్థం దాదాపు 50 మీటర్లు. ర్యాంపు వాలు వల్ల కొంత తేడా వస్తుంది, అది ఎటువైపు వస్తుందో మీరే ఆలోచించి నోట్‌బుక్‌లో రాయండి.