ఉగ్గుపాలతో పాటే పాట

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్ళే దారిలో పిళ్ళయార్‌కుప్పం వస్తుంది. అక్కడ శ్రీ బాలాజీ విద్యాపీఠ్ వారి మహాత్మా గాంధీ వైద్య కళాశాల ఉంది. సంగీత చికిత్సను నేర్పడానికి, పరిశోధించడానికి ఆ విద్యాపీఠంలో ప్రత్యేకంగా ఒక కేంద్రం నడుస్తోంది. వైద్య కళాశాలలో సంగీతానికి చోటు దొరకడం మన దేశంలో ఇప్పటికీ అరుదే. అక్కడ డాక్టర్ సుమతీ సుందర్, ఆమె సహచరులు, పిల్లల వైద్యులు కలిసి చేసిన ఒక అధ్యయనం 2016లో 'క్లినికల్ పీడియాట్రిక్స్' పత్రికలో అచ్చయింది. టీకా వేసే వేళ బిడ్డ దగ్గర ఎవరైనా పాట పాడితే ఏమవుతుందన్నది వాళ్ళు చూశారు. పాట విన్న పిల్లల్లో బెంబేలు తగ్గింది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ వినిపించింది స్పీకరులోంచి వచ్చిన పాట కాదు, పక్కనున్న మనిషి గొంతెత్తి పాడినది.

పసిపిల్లలకూ సంగీతానికీ ఉన్న సంబంధం గురించి నాలుగు దశాబ్దాలకు పైగా జరిగిన పరిశోధనల్లో నాకు తెలిసినంతవరకు నిలబడిన విషయాలు చాలావరకు ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి. బిడ్డకు సంగీతం కంటే పాడే మనిషి ముఖ్యం. పెట్టెలోంచి వచ్చే పాట చేయలేని పనులు ఎత్తుకున్న చేతుల మధ్య పాడిన పాట చేస్తుంది. రాగం తప్పినా ఫరవాలేదు.

కడుపులో ఉన్నప్పటి నుంచే మొదలుపెడదాం. సుభద్ర గర్భంలో అభిమన్యుడు పద్మవ్యూహం విన్నాడనీ, లీలావతి గర్భంలో ప్రహ్లాదుడు నారదుడి మాటలు విన్నాడనీ మనకు కథలున్నాయి. ఆ కథల చాటున ఇప్పుడు 'గర్భ సంస్కారం' పేరుతో పెద్ద వ్యాపారమే నడుస్తోంది. శాస్త్రం చెప్పేది అంత ఘనంగా ఉండదు కానీ ఆసక్తికరంగానే ఉంటుంది. ఆరో నెల దాటేసరికి శిశువు చెవి పనిచేయడం మొదలవుతుంది. ఉమ్మనీటి లోంచి మాటల అర్థం చేరదు, హల్లులు కూడా మసకబారతాయి. స్వరం ఎక్కి దిగే తీరు, లయ మాత్రం చేరతాయి. పుట్టిన బిడ్డ పరాయి గొంతు కంటే తల్లి గొంతునే కోరుకుంటుందని అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ 1980లోనే చూపించారు. 2013లో ఫిన్లాండ్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. చివరి మూడు నెలల్లో వారానికి 5 రోజులు ఒకే బాణీని తల్లులకు వినిపించారు. ఆ పిల్లల మెదడు, పుట్టాక 4 నెలలకు కూడా, ఆ బాణీని గుర్తుపట్టింది. అలాగని పొట్టకు హెడ్‌ఫోన్లు తగిలించుకోనక్కర్లేదు. తల్లి గొంతు ఎముకల గుండా, ఒంటి గుండా నేరుగా లోపలికి వెళ్తుంది. అంతకంటే మంచి స్పీకరు ఏ అంగట్లోనూ దొరకదు.

ఇక మోజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న నమ్మకం సంగతి. 1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. 36 మంది కాలేజీ విద్యార్థులు మోజార్ట్ సొనాటా 10 నిమిషాలు విన్నాక, కాగితం మడత విప్పితే ఎలా ఉంటుందో ఊహించే తరహా లెక్కలు కాస్త బాగా చేశారట. ఆ చురుకుదనం పావుగంట కూడా నిలవలేదు. ఆ విద్యార్థుల్లో పసిపాప ఒక్కరూ లేరు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం సీడీ ఇస్తామని బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగాడు. తర్వాత వచ్చిన పరీక్షల్లో ఆ ప్రభావం నిలబడలేదు. వ్యాపారం మాత్రం నిలబడింది. ఇప్పుడు మోజార్ట్ పక్కన వీణ, వేణువు చేరాయి, అంతే తేడా.

లయ విషయానికి వస్తే కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడే మన ఇళ్ళ పాత అలవాట్లకు మంచి సాక్ష్యం దొరుకుతుంది. కెనడాలో ఫిలిప్స్-సిల్వర్, ట్రెయినర్ అనే ఇద్దరు 2005లో 7 నెలల పిల్లలకు ఎక్కడా ఊనిక లేని ఒక దరువు వినిపించారు. వింటున్నంతసేపూ కొందరిని రెండు దెబ్బలకొకసారి, కొందరిని మూడు దెబ్బలకొకసారి ఎత్తుకుని ఊపారు. తర్వాత రెండు రకాల దరువులూ వినిపిస్తే, ఏ లెక్కన ఊగిన పిల్లలు ఆ లెక్క దరువునే ఎక్కువసేపు విన్నారు. తాము ఊగకుండా, ఇంకొకరు ఊగడం చూస్తూ ఊరుకున్న పిల్లల్లో ఈ తేడా రాలేదు. అంటే లయ చెవితో మాత్రమే కాదు, ఒంటితో కూడా లోపలికి వెళ్తుంది. చీర ఉయ్యాల ఊపుతూ, కాళ్ళ మీద బోర్లా వేసి వీపు నిమురుతూ, నూనె రాస్తూ, భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తూ అమ్మమ్మలు పాడింది ఊరికే కాదన్నమాట.

దీని తర్వాతి ముచ్చట తెలుగువాళ్ళకు మరీ దగ్గరది. హానన్, ట్రెహబ్ అనే పరిశోధకులు పశ్చిమ దేశాల పిల్లలకు బాల్కన్ దేశాల జానపద బాణీలు వినిపించారు. వాటిలో అడుగులు రెండు, మూడు కలగలిసి ఏడుగా నడుస్తాయి. అమెరికా పెద్దలు అలాంటి నడకలో తప్పును పట్టుకోలేకపోయారు. 6 నెలల పిల్లలు పట్టేశారు. 12 నెలలు వచ్చేసరికి ఆ పిల్లల చెవి కూడా పెద్దవాళ్ళ చెవిలా ఇరుకైపోయింది. అయితే ఇంట్లో రెండు వారాల పాటు రోజూ కొద్దిసేపు ఆ సంగీతం వినిపిస్తే పిల్లలకు ఆ నేర్పు తిరిగి వచ్చింది, పెద్దలకు రాలేదు. మన తాళాల్లో ఖండచాపు నడక ఐదు, మిశ్రచాపు నడక ఏడు. నాలుగు దెబ్బల సినిమా పాట ఒక్కటే మోగే ఇంట్లో పెరిగిన బిడ్డకు, ఐదూ ఏడూ నడకలు కూడా వినబడే ఇంట్లో పెరిగిన బిడ్డకు ఏడాది నిండేసరికి చెవిలో తేడా ఉంటుందనుకోవడం ఈ లెక్కన తప్పు కాదు. ఇది నా ఊహే. మన పిల్లల మీద, మన తాళాలతో ఎవరైనా ఈ పని చేస్తే బాగుండును. పిళ్ళయార్‌కుప్పం కేంద్రానికి ఇది దూరపు పని కాదు.

    

తెలుగు రాష్ట్రాల బయట ఉన్న మనవాళ్ళు ఎక్కువగా అడిగేది భాష సంగతి. యానాం నుంచి ఉద్యోగానికి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడ్డ ఇంటిని తీసుకోండి. అమ్మానాన్నలది తెలుగు. పిల్లను చూసుకునే ఆయమ్మది తమిళం, ఆమె 'ఆరారో' అంటూ తమిళ జోల పాడుతుంది. బడికి వెళ్ళేసరికి ఇంగ్లీషు, కొన్ని ఇళ్ళలో ఫ్రెంచి. ఇన్ని పాటలు కలిస్తే బిడ్డ తికమకపడుతుందేమోనని భయం. ఆ భయం అక్కర్లేదు. 2021లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికా పిల్లలకు వాళ్ళెన్నడూ వినని భాషల జోలపాటలు వినిపిస్తే, అదే భాషల్లోని ఇతర పాటలకంటే జోలలకే వాళ్ళ గుండె వేగం ఎక్కువ నెమ్మదించింది. మాంట్రియల్‌లో 7 నుంచి 10 నెలల పిల్లలకు తెలియని టర్కీ పాటలు వినిపిస్తే, ఏడుపు లంకించుకోవడానికి దాదాపు 9 నిమిషాలు పట్టింది. మాటలు వింటున్నప్పుడు 4 నిమిషాలకే మొదలైంది. ఆయమ్మను ఆపకండి, పాడనివ్వండి.

మరి తెలుగు పాట ఎందుకు పాడాలి? కేంబ్రిడ్జ్‌లో ఉషా గోస్వామి బృందం 50 మంది పిల్లలను 4, 7, 11 నెలల వయసుల్లో పరిశీలించి 2023లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. విడివిడి అక్షర ధ్వనులను పిల్లల మెదడు నమ్మకంగా పట్టుకోవడం సుమారు 7 నెలలకు గానీ మొదలు కాదట. అంతకు ముందు నుంచే మాటల లయ, ఊనిక వాళ్ళకు అందుతున్నాయి. పదాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో ఆ లయే చూపిస్తుంది. జోలపాటలో అచ్చులు సాగుతాయి, ప్రాస మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఒకే పదం పదిసార్లు తిరుగుతుంది. ప్రతి పాదం చివర ఊపిరి తీసుకునే చోటు కూడా ఒక గుర్తే. డల్లాస్‌లో ఉన్నా, పుదుచ్చేరి లాస్‌పేటలో ఉన్నా, తెలుగు నడక బిడ్డకు మొదట అందేది ఈ దారిలోనే.

ఇంకో సంగతి ఉంది. 2016లో మెహర్, సాంగ్, స్పెల్కీ చేసిన ప్రయోగమది. 5 నెలల పిల్లలకు ఒక కొత్త పాటను కొందరికి అమ్మో నాన్నో ఇంట్లో పాడారు, కొందరికి పాడే బొమ్మ వినిపించింది. తర్వాత ఇద్దరు కొత్తవాళ్ళను తెరమీద చూపించారు. ఒకరు ఆ తెలిసిన పాట, ఇంకొకరు తెలియని పాట పాడారు. అమ్మానాన్నల నోట విన్న పిల్లలు తమ పాట పాడిన కొత్త మనిషివైపే ఎక్కువసేపు చూశారు. బొమ్మ నుంచి నేర్చుకున్న పిల్లలకు ఆ మొగ్గు లేదు. ఇంటి పాట బిడ్డకు మనవాళ్ళెవరో చెబుతోంది. బారసాలలో ముత్తైదువలంతా కలిసి లాలి పాడడం గురించి ఇంతకంటే మంచి వివరణ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

పాటలో ఏం చెప్పాలన్నది మాత్రం పెద్దల ఇష్టం. 1891లో పుదుచ్చేరిలోనే పుట్టిన తమిళ కవి భారతిదాసన్ మగబిడ్డకొకటి, ఆడబిడ్డకొకటి తాలాట్టు, అంటే జోలపాట, రాశాడు. ఆడబిడ్డ పుట్టుకను పండుగగా, మూఢనమ్మకాలను తిరగబడాల్సినవిగా చెప్పాలనుకున్న కవికి ఉయ్యాల పక్కన పాడే పాట సరైన చోటనిపించింది. మనవాళ్ళలో అన్నమయ్య జోలలు, త్యాగయ్య ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లోని లాలి, ఉయ్యాల పాటలు దేవుణ్ణే బిడ్డను చేసి పడుకోబెట్టాయి. మీకు ఏది వస్తే అది పాడండి. ఏదీ రాకపోతే బిడ్డ పేరునే నాలుగు స్వరాల మీద తిప్పండి. నాన్నలకు మరో మాట: బొంగురు గొంతు బిడ్డకు అభ్యంతరం కాదు, మీకే.

ఏడాది నిండి తప్పటడుగులు మొదలయ్యాక పాట ఆటలోకి మారాలి. తారంగం, చెమ్మచెక్క, గుడుగుడుగుంచం ఇక్కడ పనికొస్తాయి. చేతులు, చూపు, మాట, వరుస ఒకేసారి కదులుతాయి. తన వంతు కోసం ఆగడం అక్కడే అలవాటవుతుంది. కెనడాలో సిరెల్లీ బృందం 2014లో 14 నెలల పిల్లలను సంగీతానికి ఊపుతూ, ఎదురుగా ఉన్న మనిషి అదే లయలో ఊగేలా చేసింది. తర్వాత ఆ మనిషి చేతిలోంచి వస్తువు జారిపడితే, లయ కలిసిన పిల్లలు ఎక్కువగా తీసి అందించారు.

ఫోను గురించి పొడిగించను. ఏడాది లోపు తెర అసలే వద్దని, రెండేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చప్పుడు సంగతి మాత్రం చెప్పాలి. చప్పుడు చేస్తూ బిడ్డను నిద్రపుచ్చే యంత్రాల్లో కొన్నింటిని చెవి దగ్గర పెట్టి పూర్తిగా పెంచితే 85 డెసిబెల్స్ దాటుతున్నాయని 2014లో ఒక పరీక్షలో తేలింది. అది పెద్దవాళ్ళకే కర్మాగారంలో ఎక్కువసేపు తగదనే మోత. మాసి మఖం పండుగ నాడు పుదుచ్చేరి వైత్తికుప్పం సముద్రతీరానికి చంటిబిడ్డను ఎత్తుకెళ్ళేవాళ్ళు తవిల్ డోలు ముందు నిలబడకుండా కాస్త దూరంగా ఉంటే చాలు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో ఆశ ఉంది, అతిశయోక్తి కూడా ఉంది. 2013లో న్యూయార్క్‌కు చెందిన జోవాన్ లోవీ బృందం 11 ఆసుపత్రుల్లో 272 మంది అలాంటి శిశువులకు తల్లిదండ్రులు ఎంచుకున్న పాటలు, గర్భంలోని హోరును గుర్తుచేసే వాయిద్యం వినిపించింది. గుండె వేగం నెమ్మదించడం, పాలు తాగడం, నిద్ర మెరుగుపడడం కనిపించాయి. 2022లో ఐదు దేశాల నుంచి వచ్చిన మరో పెద్ద పరిశోధనలో మాత్రం, ఆసుపత్రిలో పాడించినందువల్ల తల్లీబిడ్డల అనుబంధం కొలతల్లో పెరిగినట్టు తేలలేదు. కాబట్టి పాటను మందుగా అమ్మేవాళ్ళ దగ్గర జాగ్రత్త. డాక్టరు వద్దన్న వేళ పాడకండి, పాడినా గుసగుసకు కాస్త పైన ఉంటే చాలు.

పాట కంటే ముందు చూసుకోవాల్సింది చెవి. వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతోనే శాశ్వత వినికిడి లోపం ఉంటుంది. బిడ్డ చూపుతో, స్పర్శతో స్పందిస్తూనే ఉంటుంది కనుక చాలాకాలం ఇంట్లోవాళ్ళు పసిగట్టలేరు. నెలలోపు ఓఏఈ వంటి వినికిడి పరీక్ష, అనుమానముంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది వైద్యుల లెక్క. మీరు కాన్పు చేయించుకునే ఆసుపత్రిలో ఈ పరీక్ష చేస్తారా అని అడగండి, చేయకపోతే ఎక్కడ చేస్తారో అడిగి తెలుసుకోండి. ఆరు నెలల బిడ్డ వెనక నుంచి వచ్చే చప్పుడుకు తల తిప్పకపోతే పుట్టువెంట్రుకల ముహూర్తం దాకా ఆగకండి. లోపం ఉందని తేలినా పాట మానక్కర్లేదు. బిడ్డను ఛాతీకి ఆనించి పాడితే ఆ ప్రకంపన ఒంటికి తెలుస్తుంది, పాడే ముఖం ఎదురుగా కనిపిస్తుంది. వినికిడి యంత్రం పెట్టాక అదే పాటను అదే ఒడిలో మళ్ళీ మొదటినుంచి పాడవచ్చు.