ఎముకల్లోంచి వచ్చే చిక్కదనం

జపాన్‌లోని క్యుషు దీవిలో ఫుకువోకా అనే నగరం ఉంది. చీకటి పడేసరికి అక్కడి నకసు ప్రాంతంలో నది ఒడ్డున తినుబండారాల బండ్లు వరుసగా వెలుస్తాయి. వాటిని యతాయి అంటారు. ఒక్కో బండి ముందు పట్టుమని పదిమంది కూర్చోగలిగితే గొప్ప. సందుల్లోని చిన్న చిన్న రామెన్ హోటళ్ళూ దాదాపు అంతే. ఒక పొడవాటి బల్ల, దాని ముందు పీటలు, అవతల పొయ్యిమీద ఎడతెగకుండా మరుగుతున్న పెద్ద గుండిగ. కూర్చున్న కాసేపటికే ఎదుటికి గిన్నె వచ్చేస్తుంది. తెల్లటి చిక్కటి సూప్, అందులో సన్నటి గోధుమ నూడుల్స్, పైన పంది మాంసం ముక్కలు, ఉల్లికాడల తరుగు, నల్ల పుట్టగొడుగు, నువ్వులు, ఎర్రటి అల్లం ఊరగాయ. ఇదే టొన్కొత్సు రామెన్.

మొదటిసారి తినేవాళ్ళు ఆ సూప్‌లో పాలో, మీగడో, కొబ్బరిపాలో పోశారనుకుంటారు. సంప్రదాయ పద్ధతిలో అవేవీ పోయరు, చిక్కబడటానికి పిండీ కలపరు. నీళ్ళు, పంది ఎముకలు, మంట, ఓపిక ఉంటే చాలు. మాంసం కొట్టులో ఎవరూ కోరి అడగని భాగం నుంచి ఇంత రుచి ఎలా వస్తుందన్నది వంటవాళ్ళకే కాదు, రసాయన శాస్త్రం చదివేవాళ్ళకీ మంచి ప్రశ్న.

పొంగిపోయిన గుండిగ

రామెన్ నూడుల్స్ జపాన్‌కు చైనా వంటవాళ్ళతో వచ్చాయి. 1910లో టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే హోటల్ మొదలయ్యాక ఆ వంటకం సామాన్యులకు దగ్గరైంది. అక్కడి సూప్ పలుచగా, తేటగా ఉండేది. పంది ఎముకల సూప్ పుట్టింది మాత్రం క్యుషులోని కురుమే పట్టణంలో, 1937లో నాన్కిన్ సెన్ర్యో అనే బండి దగ్గర. అదీ మొదట్లో ఇప్పుడున్నంత తెల్లగా ఉండేది కాదు.

తెలుపు ఎలా వచ్చిందన్నదానికి కురుమేలో ఒక కథ చెప్పుకుంటారు. 1947లో సాన్క్యు అనే హోటల్ యజమాని సూప్‌ను పొయ్యిమీద వదిలి బయటికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మంట ఎక్కువై గుండిగ సలసలా మరిగిపోయి, సూప్ తెల్లగా విరిగినట్టు కనిపించింది. పారబోసే ముందు రుచి చూశాడు. చూశాక పారబోయలేదు. ఆ పద్ధతి క్యుషు అంతటా పాకింది. కథలో అతిశయోక్తి ఎంతైనా ఉండనీయండి, అందులోని విజ్ఞానం మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. సలసలా మరగకపోతే ఆ తెలుపు రాదు.

ఎముక కరిగేదెలా?

ఎముకలోని తడిని పక్కనపెడితే, బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. కీళ్ళను పట్టి ఉంచే నరాల్లోనూ, తోలులోనూ, కాళ్ళ గిట్టల చుట్టూ ఉండే జిగురు భాగంలోనూ ఉండేది ఇదే. మూడు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని బిగుసుకున్న నిర్మాణం దీనిది. ఆ పోగుల్లో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్. అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లం అది. ఇరుకు చోట అదొక్కటే పడుతుంది కాబట్టే మూడు పోగులూ అంత దగ్గరగా మెలిపడగలవు. పచ్చి నరాన్ని పళ్ళతో తెంపలేకపోవడానికి కారణం ఈ మెలికే.

వేడి 60 డిగ్రీలు దాటాక ఈ మెలిక సడలడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ, సమయం గడిచేకొద్దీ పోగులు విడివడి నీళ్ళలో కలుస్తాయి. అలా విడిపోయిన కొల్లాజెనే జెలటిన్. హైదరాబాద్‌లో తెల్లవారుజామున పాయా తాగినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. రాత్రంతా ఉడికిన మేక కాళ్ళ రసం పెదవులకు అంటుకుంటుందే, అదే జెలటిన్. టొన్కొత్సు సూప్‌నైనా, పాయానైనా చల్లారబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకల్లా గడ్డకట్టి, గిన్నె కదిపితే వణికినట్టు ఊగుతుంది. మళ్ళీ కాస్త వేడి తగలగానే, ఒంటి వేడికి అటూఇటూగా, కరిగిపోతుంది.

అందుకే వంటవాళ్ళు పంది తొడ ఎముకలు, తలకాయ, కాళ్ళు ఏరుకుంటారు. తొడ ఎముకల్లో మూలుగ ఉంటుంది, కాళ్ళలో కొల్లాజెన్ ఉంటుంది. ముందు ఎముకల్ని నీళ్ళలో నానబెట్టి నెత్తురు పోగొడతారు. తర్వాత ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, ఎముకల్ని బ్రష్‌తో రుద్ది కడుగుతారు. నెత్తురు మిగిలితే సూప్ నల్లబడుతుంది, నీచు వాసన కొడుతుంది. తొడ ఎముకల్ని సుత్తితో విరగ్గొట్టి మూలుగ బయటపడేలా చేస్తారు. అప్పుడు అసలు వంట మొదలవుతుంది. పన్నెండు గంటలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ.

తెలుపు ఎక్కడిది?

జెలటిన్‌కు రంగు లేదు. కరిగిన కొవ్వు కూడా తెల్లగా ఉండదు. మరి రెండూ కలిసిన సూప్ ఎందుకు తెల్లబడింది?

నూనె, నీళ్ళు కలవవని మనకు తెలుసు. కలిపి గిలక్కొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. గుండిగ సలసలా మరుగుతున్నప్పుడు బుడగల తాకిడికి కరిగిన కొవ్వు చితికి, మిల్లీమీటరులో వెయ్యో వంతు పరిమాణంలో ఉండే సన్నటి బిందువులుగా మారుతుంది. అవి మళ్ళీ ఒకటైపోకుండా జెలటిన్ అడ్డుపడుతుంది. ఒక్కో బిందువు చుట్టూ పొరలా చేరి పక్క బిందువుతో కలవనివ్వదు. మూలుగలోని ఫాస్ఫోలిపిడ్లు కూడా ఇదే పని చేస్తాయి. వాటి అణువుకు ఒక చివర నీళ్ళంటే ఇష్టం, రెండో చివర కొవ్వంటే ఇష్టం. ఇలా ఒక ద్రవంలో మరో ద్రవం సన్నటి బిందువులుగా నిలబడితే దాన్ని ఎమల్షన్ అంటారు.

ఆ కోట్లాది బిందువుల మీద వెలుతురు పడితే, అన్ని రంగుల కాంతీ ఇంచుమించు సమానంగా అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అన్ని రంగులూ కలిసి కంటికి చేరితే మనకు కనిపించేది తెలుపు. పాలు తెల్లగా ఉండటానికీ ప్రధాన కారణం ఇదే.

ఫ్రెంచి వంటశాలల్లో ఎముకల రసాన్ని మరగనివ్వడం తప్పు. మంట తగ్గించి, ఒకటీ అరా బుడగ మాత్రమే వచ్చేలా ఉంచి, తేలిన కొవ్వును తీసేస్తూ అద్దంలాంటి తేట రసం దించుతారు. టొన్కొత్సు వంటవాడు సరిగ్గా దానికి ఎదురు దారిలో వెళ్తాడు. ఎముకలు అవే, నీళ్ళు అవే. మంట మారితే వంటకమే మారిపోతుంది.

నూడుల్స్‌లోని క్షారం

ఈ నూడుల్స్‌కు గోధుమపిండి, నీళ్ళు, ఉప్పుతో పాటు కాన్సుయి అనే క్షారం కలుపుతారు. అందులో ప్రధానంగా ఉండేవి సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్. క్షారం తగిలితే గోధుమలోని గ్లూటెన్ ప్రొటీన్ బిగుసుకుని నూడుల్‌కు సాగుడు, పంటికి బిగువు వస్తాయి. గోధుమపిండిలోని ఫ్లేవోన్లు అనే పదార్థాలు క్షారంలో పసుపుపచ్చగా మారతాయి. గుడ్డు వేయకపోయినా చాలా రామెన్ నూడుల్స్ లేత పసుపులో ఉండేది ఇందుకే.

ఫుకువోకా నూడుల్స్ సన్నగా, నిటారుగా ఉంటాయి. పిండి కలపడానికి నీళ్ళు చాలా తక్కువ పోస్తారు. అందువల్ల రెండు లాభాలు. మరిగే నీళ్ళలో కొద్ది సెకన్లలోనే ఉడుకుతాయి, చిక్కటి సూప్‌ను బాగా పట్టుకుంటాయి. నష్టమూ ఒకటుంది. వేడి సూప్‌లో ఆలస్యం చేస్తే నీళ్ళు పీల్చుకుని మెత్తబడిపోతాయి. అందుకని ముందు కొద్దిగానే వడ్డిస్తారు. అవి అయ్యాక కావాలంటే మారు నూడుల్స్ అడిగి, మిగిలిన సూప్‌లో వేయించుకోవచ్చు. దీన్ని కాఎదమ అంటారు. నగహమ చేపల మార్కెట్‌లో తీరిక లేని కూలీల కోసం ఈ పద్ధతి పుట్టిందని చెబుతారు. నూడుల్స్ ఎంత గట్టిగా కావాలో ముందే చెప్పాలి. కాస్త గట్టిగా అయితే కతా, మరీ గట్టిగా అయితే బరికతా. బరికతా తెంపి చూస్తే నడిమధ్యన సన్నటి తెల్లటి చుక్క కనిపిస్తుంది. వేడి, తడి బయటినుంచి లోపలికి ఇంకా చేరలేదని, అక్కడి పిండిపదార్థం పూర్తిగా ఉడకలేదని దాని అర్థం.

ఒకటీ ఒకటీ కలిస్తే ఏడు

గిన్నెలో సూప్ పోయడానికి ముందే అడుగున సోయా సాస్ ఆధారంగా చేసిన ఉప్పటి రసం ఒక గరిటె పోస్తారు. దాన్ని తారే అంటారు. అసలు రుచికి తాళంచెవి దాని దగ్గరే ఉంది.

1908లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కికునాఎ ఇకెదా, కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేశాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదులకు చెందని ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో షింతారో కొదమ ఎండు చేపల్లో ఇనోసినేట్ అనే మరో ఉమామి పదార్థాన్ని కనుగొన్నాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు అకిరా కునినకా అసలు విశేషాన్ని గుర్తించాడు. ఈ రెండు రకాలూ కలిస్తే రుచి రెట్టింపుతో ఆగదు. సరైన పాళ్ళలో ఏడెనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. నాలుక మీద ఉమామిని పసిగట్టే గ్రాహకం రెండు పెదవులున్న నోరులాంటిది. గ్లుటమేట్ వచ్చి చేరగానే మూసుకుంటుంది. ఇనోసినేట్ పక్కనే అతుక్కుని ఆ పెదవుల్ని త్వరగా తెరుచుకోనివ్వదు. అందుకే సంకేతం బలంగా వెళ్తుంది.

టొన్కొత్సు గిన్నెలో పంది మాంసం, ఎముకలు ఇనోసినేట్‌ను ఇస్తాయి. పశువు చనిపోయాక కండరాల్లోని శక్తి అణువు ఏటీపీ విడిపోతూ తయారయ్యేది ఇదే. సోయా సాస్ గ్లుటమేట్‌ను ఇస్తుంది. రెండూ గిన్నె అడుగున కలుసుకుంటాయి. శాస్త్రజ్ఞుల కంటే ముందే వంటవాళ్ళు ఈ జోడీని కుదిర్చారు.

ఎంత తినాలి?

ఇంత చెప్పాక ఆరోగ్యం సంగతీ చెప్పాలి. ఎముకల సూప్ తాగితే కాల్షియం వస్తుందన్న నమ్మకం సరైంది కాదు. ఖనిజం ఎముకలోనే ఉండిపోతుంది, సూప్‌లోకి దిగేది చాలా తక్కువ. కొల్లాజెన్ నేరుగా చర్మానికో కీళ్ళకో చేరదు. మిగతా ప్రొటీన్లలాగే అదీ పొట్టలో అరిగి, అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. పైగా అందులో ట్రిప్టోఫాన్ లేదు కాబట్టి దాన్ని సంపూర్ణ ప్రొటీన్ అనలేం.

పెద్ద సమస్య ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఒక్క రామెన్ గిన్నెలోనే అంత, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందులో పెద్ద వాటా సూప్‌దే. నూడుల్స్, మాంసం తిని సూప్ సగం వదిలేస్తే ఉప్పూ, కొవ్వూ బాగా తగ్గుతాయి. జపాన్‌లో దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. గౌట్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. రుచినిచ్చిన ఇనోసినేటే ఒంట్లో చివరికి యూరిక్ ఆమ్లంగా మారుతుంది. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగాకే తినాలి.

పంది మాంసం తినని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. ఈ పద్ధతి పందికే కట్టుబడి లేదు. జపాన్‌లోనే కోడి ఎముకలతో తోరి పైతాన్ అనే తెల్లటి సూప్ చేస్తారు. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఉంటే పన్నెండు గంటలు కాచుకుని కూర్చోనక్కర్లేదు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి కొల్లాజెన్ త్వరగా కరుగుతుంది. అయితే ఒత్తిడి మీద ఉన్నప్పుడు లోపల అంతగా తెర్లదు, రసం తేటగానే దిగుతుంది. మూత తీశాక పెద్ద మంట మీద కాసేపు సలసలా మరిగించండి. మీ కళ్ళముందే తెల్లబడుతుంది. కోడి కాళ్ళయినా, మేక బొక్కలైనా సరే.

మాంసం కొనేటప్పుడు మెత్తటి ముక్కలకే డబ్బు పోసి, ఎముకల్ని కొట్టులోనే వదిలేసి వస్తున్నాం. ఒక జంతువు ప్రాణం తీసి తింటున్నప్పుడు దానిలో ఏ భాగాన్నీ వృథా చేయకపోవడం కనీస మర్యాద. ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఎముకలు కూడా అడిగి తెచ్చుకోండి.