యుద్ధశిథిలాలకు గగనసాక్ష్యం: డ్రోన్ ఛాయాచిత్రణ – పద్ధతి, పరిమితులు

1761 జనవరి 16న పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైంది. 1758లో కడలూరు వద్ద సెయింట్ డేవిడ్ కోటను ఫ్రెంచివారు నేలమట్టం చేసినందుకు ప్రతీకారంగా విజేతలు ఇక్కడి కోటను, ప్రాకారాలను, ప్రధాన భవనాలను కూల్చివేశారు. శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించేందుకు 1768లో వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు లె జాంతీ ఆ శిథిలాల మీదనే వేధశాల ఏర్పరచుకొన్నాడు. ఏ కట్టడం ముట్టడిలో ఫిరంగి గుండ్లకు కూలినది, ఏది లొంగుబాటు తరువాత బుద్ధిపూర్వకంగా కూల్చబడినది అన్న ప్రశ్నకు నేడు పటాలు, లేఖలు, త్రవ్వకాలే ఆధారం. ఈ భేదం చరిత్రకారునికే కాక న్యాయస్థానానికి సైతం ముఖ్యమైనదే. టింబక్టూలోని సమాధి మందిరాలను ధ్వంసం చేయించిన వ్యక్తికి అంతర్జాతీయ నేరన్యాయస్థానం 2016 సెప్టెంబరులో తొమ్మిదేళ్ల శిక్ష విధించినప్పుడు, పరిశీలించిన సాక్ష్యాలలో ఉపగ్రహ చిత్రాలు కూడా ఉన్నాయి.

ఉపగ్రహ చిత్రం పైకప్పు లేదని చెప్పగలదు. గోడ ఏ వైపు నుండి తగిలిన దెబ్బకు ఒరిగినదో చెప్పడం దానికి కష్టం. డ్రోన్ ఈ లోటును చాలావరకు తీరుస్తుంది. నిర్ణీత మార్గంలో ఎగురుతూ, ఒక చిత్రానికి మరుసటి చిత్రంతో డెబ్బై, ఎనభై శాతం అతివ్యాప్తి ఉండేలా వందలాది చిత్రాలు తీస్తారు. నిట్టనిలువుగా తీసినవాటికి ఏటవాలు చిత్రాలు తోడైతేనే గోడల ముఖాలు కనబడతాయి. నేలమీద ముందుగా గుర్తించి కొలిచిన నియంత్రణ బిందువుల సహాయంతో ఫోటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్ వీటిని త్రిమితీయ నమూనాగా, కొలతలు తీసుకోదగిన సమతల చిత్రంగా మలుస్తుంది. సాధారణ 20 మెగాపిక్సెల్ కెమెరాతో 30 మీటర్ల ఎత్తున ఒక్కొక్క పిక్సెల్ నేలపై సుమారు 8 మిల్లీమీటర్లకు సమానం. 120 మీటర్ల ఎత్తున అది 3 సెంటీమీటర్లు దాటుతుంది. కనుక సన్నని బీటల కొరకు తక్కువ ఎత్తున ఎగరవలసిందే, లేదా నేలమీది కెమెరాను ఆశ్రయించవలసిందే.

శిథిలాలను తొలగించక ముందే చిత్రాలు తీయడం ప్రధాన నియమం. రాళ్లు ఎటు, ఎంత దూరం చెదిరిపడ్డాయో ఆ విన్యాసమే పేలుడు దిశను సూచిస్తుంది. గుంతలు, మసి చారలు, లోనికి కుంగిన కప్పులు ఒక తరగతి గుర్తులు. చెట్ల వేళ్లు, వానకోత, పాత మరమ్మతుల అతుకులు మరొక తరగతి. స్తూప ప్రాంగణంలో కూలిన ఫలకాల స్థానాన్ని నమోదు చేయకుండా పోగుచేస్తే, వాటిని తిరిగి అమర్చే ఆధారమే నశిస్తుంది. మూల చిత్రాలను మార్చకుండా, తేదీ, స్థానం, తీసినవారి వివరాలతో భద్రపరచి, నకళ్ల మీదనే పని చేయడం సాక్ష్యానికి ప్రాణం.

అయితే కూలిన దానిని పోల్చి చూచుటకు కూలక ముందటి కొలత కావాలి. బామియాన్‌లో 1969 నుండి 1977 వరకు భారత పురావస్తు శాఖ నిపుణులు పరిరక్షణ పనులు చేశారు. అదే కాలంలో, 1970లో, ఆస్ట్రియా నిపుణుడు కోస్ట్కా కొలతల కొరకు మహాబుద్ధుని ఛాయాచిత్రాలు తీశారు. 2001 మార్చిలో 55, 38 మీటర్ల విగ్రహాలు రెండూ పేల్చివేయబడ్డాక, పెద్ద విగ్రహపు త్రిమితీయ నమూనాను జ్యూరిక్ పరిశోధకులు నిర్మించగలిగినది ఆ పాత చిత్రాల వల్లనే. పాల్మైరా మరొక పాఠం చెబుతుంది. 2015లో బేల్ ఆలయం కూలిన తరువాత, 2016 ఏప్రిల్‌లో అక్కడ డ్రోన్ సర్వేక్షణ జరిగింది. తొలి దాడులలో నిలిచిన చతుస్స్తంభ నిర్మాణం 2017 జనవరిలో ధ్వంసమైంది. కనుక ఒక్కసారి చేసిన నమోదు సరిపోదు.

డ్రోన్ పరిమితులను విస్మరించరాదు. కప్పు క్రింది చిత్రలేఖనం, గోడలోపలి పగులు, చెట్లనీడలోని పునాది దానికి అందవు. యుద్ధక్షేత్రంలో దానిని ఆయుధంగా భావించే ప్రమాదం ఉంది. పేలని మందుగుండు తొలగించబడిందని రూఢి అయ్యేవరకు నియంత్రణ బిందువుల కొరకు ఎవరూ లోనికి వెళ్లరాదు. విహారంలో నివసించే భిక్షువుల సమ్మతి, వారి భద్రత చిత్రం కంటె ముఖ్యం. శాంతికాలంలోనూ నిబంధనలు ఉన్నాయి. లాస్‌పేట విమానాశ్రయానికి చేరువనే ఉన్న తట్టాంచావడి వంటి చోట గగనతల నియంత్రణాధికారుల అనుమతి లేనిదే ఎగురవేయరాదు. రక్షిత కట్టడాల వద్ద పురావస్తు శాఖ అనుమతి కూడా కావాలి.

1954 నాటి హేగ్ ఒడంబడికలో భారతదేశం 1958లో చేరింది. యుద్ధం నుండి సాంస్కృతిక సంపదను కాపాడే ఏర్పాట్లు శాంతికాలంలోనే చేయాలని దాని మూడవ అధికరణం చెబుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన విశాఖతీరంలోనే తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. నౌకాదళ వైమానిక సర్వేక్షణ సందర్భంగానే తొట్లకొండ వెలుగుచూసింది. అక్కడ పునరుద్ధరించిన మహాస్తూపం 2019 అక్టోబరు వర్షాలకు కూలింది. యుద్ధమే రానక్కరలేదు, ఒక్క వాన చాలు. అందువల్ల అనుమతులు పొంది, ప్రతి బౌద్ధక్షేత్రానికీ కొలతలతో కూడిన మూలసర్వేక్షణ చేసి, వర్షాకాలం ముగిసిన ప్రతిసారీ దానిని నవీకరించి, నకళ్లను కనీసం రెండు వేర్వేరు ఊళ్లలో భద్రపరచడం పరిశోధకులు, విహారవాసులు కలసి నేడే చేపట్టదగిన పని.