తట్టువపై నెంత బరువు మోపవచ్చును?

బండి పోఁజాలని దారులలో పొలమునకును సంతకును పోవుటకు తట్టువ మిక్కిలి యనుకూలమైన వాహనము. అది కొద్ది మేఁతతో బ్రదుకును, రాతినేలపైఁ దొట్రుపడదు. అయితే శక్తికి మించిన బరువు మోపినను అది మొండికెత్తిన యెద్దువలెఁ గూలఁబడదు; నడచుచునే యుండును. అందుచేతనే బరువు మితిమీఱిన సంగతి దాని నడుము చెడిన తరువాతఁగాని యజమానునకుఁ దెలియదు.

నాందేడు మండలములోని మాళేగాఁవు జాతర వంటి చోట్లఁ దట్టువను బేరమాడునపుడు అమ్మువాఁడు లావుపాటి మనుష్యుని నెక్కించి రెండు చుట్లు పరుగెత్తించి చూపినచో, దానిని బలమునకు సాక్ష్యముగా నెన్నరాదు. కొంచెముసేపు ఏ తట్టువయైనను ఎవరినైనను మోయును. పది మైళ్ళు పోయివచ్చి, మఱునాఁడు జీను వేయఁబోయినపుడు నొప్పిలేక నిలుచునా యనునదియే చూడవలసినది.

ఇందులకు వాడుకలోనున్న కొలత యేమనఁగా, మోయు బరువు గుఱ్ఱపుఁ దూఁకములో నైదవవంతు, అనఁగా నూటికి 20 పాళ్ళు, మించరాదు. ఈ లెక్కలో ఎక్కువాని బరువే గాక జీను, బొంత, సంచిలోని సరకులు సమస్తమును జేరును. అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుఱ్ఱములపై జరిపి 2008లోఁ బ్రకటించిన పరీక్షయందు, నూటికి 15, 20 పాళ్ళు మోసినపుడు చెప్పఁదగిన భేదము కానరాలేదు. 25, 30 పాళ్ళు మోసినపుడు గుండె వేగము హెచ్చెను, కండరములు నొచ్చి బిగిసెను. నడుము వెడల్పుగల గుఱ్ఱములకు నొప్పి తక్కువయయ్యెను. పొట్టిజాతులు తమ కొలఁదికి మించి మోయుననెడి మాట కొంతవఱకే నిజము. ఐస్లాండు దేశపుఁ బొట్టి గుఱ్ఱములను వడిగా నడపి చేసిన 2017 నాఁటి పరిశీలనలో, రక్తమున లాక్టిక్ ఆమ్లము పేరుకొనఁదొడఁగు హద్దు సగటున నూటికి 22.7 పాళ్ళుగాఁ దేలెను. అదియును గుఱ్ఱమునుబట్టి 17 మొదలు 27 పాళ్ళ వఱకు మాఱెను.

పల్లెలో గుఱ్ఱమును దూఁచు త్రాసుండదు. దర్జీవాని కొలతపట్టీ చాలును. గుఱ్ఱమును సమనేలపై నిలిపి, మూపు వెనుకనుండి ముందుకాళ్ళ వెనుకగా ఱొమ్ము చుట్టుకొలతను అంగుళములలోఁ దీయవలయును. పిదప భుజపు మొననుండి పిఱ్ఱ మొనవఱకుఁ బొడవు గొలువవలయును. చుట్టుకొలతను దానిచేతనే గుణించి, మరల పొడవుచే గుణించి, 330చే భాగించినచో నించుమించు తూఁకము పౌనులలో వచ్చును.

చుట్టుకొలత 54, పొడవు 50 అంగుళములుగల తట్టువను జూతము. 1,45,800ను 330చే భాగింపఁగా 442 పౌనులు, అనఁగా 200 కిలోలు. అందైదవవంతు 40 కిలోలు మాత్రమే! రైతు 60 కిలోలు, జీను 8 కిలోలు నైనచో మొత్తము 68. ఇది నూటికి 34 పాళ్ళు. అట్టి తట్టువ ఇంటిలోని బాలునకుఁ దగునుగాని యజమానునకుఁ దగదు. చుట్టుకొలత 60, పొడవు 56 అంగుళములుగల పెద్ద తట్టువ సైతము 277 కిలోలే తూఁగును. దానిపై నా 68 కిలోలు నూటికి దాదాపు 25 పాళ్ళగును. మెల్లని నడకతో దగ్గఱిచోటికిఁ దప్ప అంత బరువు మోపరాదు. ఇద్దఱెక్కుట మాట చెప్పనక్కఱలేదు.

పట్టీ లెక్క తప్పుదారి పట్టించు సందర్భములు కొన్ని గలవు. క్రొవ్విన తట్టువ తూఁకము హెచ్చినంతమాత్రమున బలము హెచ్చదు. క్రొవ్వు తానే యొక మోఁత. కావున అది తగిన కండతో నున్నపు డెంత తూఁగునో దానినే లెక్కకుఁ దీసికొనవలయును. చూలి గోడిగ కడుపు బరువును లెక్కలోఁ జేర్చరాదు. నాలుగేండ్లు నిండని పిల్లపై బరువైన మనుష్యుఁ డెక్కరాదు. వెన్నెముక ముదురుటకు అయిదాఱేండ్లు పట్టును. పొట్టి వెన్ను, వెడల్పైన నడుము, మోఁకాలి క్రింద లావైన యెముక గలది మేలు.

జీను బరువు వెన్నెముకపై నానక, దాని కిరుప్రక్కల కండపై నిలువవలయును. చెమర్చిన వీఁపున జీను క్రింద నక్కడక్కడఁ బొడిమచ్చ లున్నచో అచ్చట నొత్తిడి హెచ్చినదన్నమాట. కొనునపుడు మూపుపైఁ దెల్లవెండ్రుకల మచ్చలు కనఁబడినచో అవి పాతపుండ్ల గుఱుతులు కావచ్చును.

స్వారి ముగిసినతోడనే క్రిందిదవడ యంచున వ్రేలానించి నాడిని లెక్కింపవలయును. ఊరకున్నపుడు నిమిషమునకు 28 మొదలు 44 వఱకుఁ గొట్టుకొనును. పదునైదు నిమిషములు నీడను నిలిపిన తరువాతను 60కి దిగనిచో బరువుగాని వేగముగాని మించినట్లే. మఱునాఁటి యుదయమున వెన్నెముక కిరువైపుల బొటనవ్రేలితో మెల్లఁగా నొక్కి చూడవలయును. తట్టువ వీఁపు కుంగించినను, చెవులు వెనుకకు మడిచినను, ఆ దినమున జీను వేయరాదు.

ఎక్కువాఁడు బరువైనవాఁడైనచోఁ దట్టువను విడువనక్కఱలేదు. సమమైన బాట యున్న యూళ్ళలో దానిని తేలికబండికిఁ గట్టవచ్చును. అపుడు బరువు చక్రములపై నుండును. నొగల బరువు వీఁపుపై మిక్కిలిగాఁ బడకుండునట్లు బండిని సరిదూఁచిన, వీఁపుపై మోయలేని మనుష్యుని నదే తట్టువ శ్రమలేక లాగును. బాట లేని చోట ఎగువ లెక్కునపుడు దిగి నడువవలయును.